ప్రకృతి వల్ల అందే మేలు తగ్గుతోందో పెరుగుతోందో ఏటా ఎలా గమనించాలి?

వాగుగట్టు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. అడవి, చెరువులు, పొలాలు కలిసి ఉన్న ఒక వాగు పరీవాహక ప్రాంతంలో ప్రకృతి వల్ల మనుషులకు అందే మేలు ఏళ్లు గడిచేకొద్దీ ఎలా మారుతోందో గమనించే పనిని మా చిన్న బృందం తలకెత్తుకుంది. నీరు, చేపలు, వంటచెరకు, పంటలకు కీటకాల వల్ల జరిగే పరాగ సంపర్కం మా జాబితాలో ఉన్నాయి. ఏటా ఇంటింటికీ వెళ్లి ఎన్ని చేపలు పట్టారు, ఎంత కట్టె తెచ్చుకున్నారు అని అడగాలని, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం చూడాలని అనుకున్నాం. ఇది సరిపోతుందా? అన్నిటినీ డబ్బు లెక్కలోకి మార్చాలా? మనుషులం తక్కువ, మొదట్లోనే దారి తప్పుతామేమోనని టెన్షన్‌గా ఉంది.

పాతనేల:
ఇంటింటికీ వెళ్లి అడగడం మానకండి. కానీ మీరు రాసుకున్నవి దాదాపు అన్నీ వాడకం లెక్కలే. మనుషులు ఎంత తీసుకున్నారు, ప్రకృతి ఇంకా ఎంత ఇవ్వగలదు, జనానికి ఎంత కావాలి అనే మూడింటినీ వేర్వేరు గళ్లలో రాయాలి. కలిపేస్తే వాడకం పెరిగిన ఏడాది అంతా బాగుందనిపిస్తుంది.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపల విషయంలో జరిగింది ఇదే. 1968లో అక్కడ దాదాపు 8 లక్షల టన్నులు పట్టారు. తర్వాత చేపలు తగ్గిపోతున్నా, మిగిలినవి కొన్ని చోట్ల గుంపులుగా చేరడం వల్ల, వాటిని వెతికే పరికరాలు మెరుగవడం వల్ల పెద్ద పడవల వలలు నిండుతూనే వచ్చాయి. ఆ లెక్కలను నమ్మి సముద్రంలో ఉన్నదానికంటే ఎక్కువ ఉందని అంచనా వేశారు. 1992లో వేట ఆపేయాల్సి వచ్చింది, సుమారు 30 వేల మందికి పని పోయింది. అందుకే చెప్తున్నాను, చేపలకు మీ సొంత కొలత ఒకటి ఉండాలి. అదే చోట, అదే నెలలో, అదే కన్ను సైజు వలతో, అంతే సేపు పట్టి, చేపల పొడవు కూడా రాయండి. సంఖ్య తగ్గకముందే సైజు తగ్గడం చాలాసార్లు కనిపిస్తుంది.

నీటికి ఎండాకాలపు ప్రవాహం ముఖ్యం. పక్కనే వానమాపకం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే వాగు సన్నబడింది వాన తగ్గడం వల్లనా, పైనున్న నేల నీటిని పట్టి ఉంచలేకపోవడం వల్లనా అన్నది ఎప్పటికీ తేలదు.

పరాగ సంపర్కానికి ఖర్చులేని పరీక్ష ఉంది. ఒకే పంటలో కొన్ని పూలకు కీటకాలు వాలకుండా సన్నటి గుడ్డ సంచులు కట్టండి, కొన్నిటికి చేత్తో పుప్పొడి అద్దండి, కొన్నిటిని అలాగే వదిలేయండి. చేత్తో అద్దిన పూలకు, వదిలేసిన వాటికంటే బాగా ఎక్కువ కాయలు నిలిస్తే అక్కడ కీటకాలు చాలడం లేదు. మూడు రకాలూ ఒకేలా కాస్తే ఆ పంటకు కీటకాలతో పెద్దగా పని లేదు, వేరే పంట ఎంచుకోండి.

డబ్బు లెక్క ఇప్పుడే వద్దు. కట్టె దొరకడం కష్టమైతే దాని ధర పెరుగుతుంది, అడవి పలచబడుతుంటే మీ కాగితం మీద విలువ మాత్రం పైకి పోతుంది. ముందు పరిమాణాలు రాసుకోండి, ధర ఎప్పుడైనా కట్టుకోవచ్చు.

పైనుంచిచూపు:
పచ్చదనం గురించి ఒక మాట. ఉపగ్రహ సూచికలో నీలగిరి తోట, సహజమైన అడవి రెండూ పచ్చగానే కనిపిస్తాయి. మనుషులకు అవి ఇచ్చేవి మాత్రం ఒకటి కావు. కాబట్టి నేల మీద కొన్ని చోట్లు గుర్తుపెట్టుకుని చెట్ల రకాలు స్వయంగా చూడండి. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో ఉచితంగా దొరుకుతాయి, 2015 నుంచీ ఉన్నాయి. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే ల్యాండ్‌శాట్ చూడండి, దాని మొదటి ఉపగ్రహం 1972లో ఎగిరింది. ఏ ఏడాదిదైనా అదే నెల చిత్రాన్ని పోల్చాలి.

వాగుగట్టు:
చాలా థాంక్స్ అండి. చేపల కొలత, పూల పరీక్ష ఈ ఏడాదే మొదలుపెడతాం. ఇంకో సందేహం. ఇంటింటి ప్రశ్నల్లో ఎవరిని అడగాలి? ఇంటి పెద్దని అడిగితే చాలా?

పాతనేల:
చాలదు. కట్టె ఎవరు తెస్తారో, పశువులను ఎవరు తోలుకెళ్తారో వాళ్లనే అడగండి. కట్టె మోపు సైజు తగ్గకపోయినా దాని కోసం నడిచే దూరం రెట్టింపై ఉండొచ్చు. అది నడిచే మనిషికే తెలుస్తుంది. అందుకని ఎంత తెచ్చారు అన్నదాని పక్కనే ఎంత సేపు పట్టింది అని తప్పకుండా రాయండి. సగటు ఒక్కటే తీసి వదిలేయకండి, పొలం లేని ఇళ్ల లెక్క విడిగా ఉంచండి. అడవి మీద ఎక్కువగా ఆధారపడేది చాలాచోట్ల వాళ్లే.

జాబితాలో వరద ఉద్ధృతి తగ్గడం, నీరు శుభ్రపడటం లాంటివి కూడా చేర్చండి. ఐపీబీఈఎస్ (జీవవైవిధ్యం, ప్రకృతి మేళ్లపై పలు దేశాల ప్రభుత్వాలు కలిసి ఏర్పాటు చేసుకున్న శాస్త్ర వేదిక) 2019 ప్రపంచ నివేదిక ప్రకృతి మేళ్లను 18 రకాలుగా చూస్తే, 1970 నుంచి 14 రకాలు తగ్గుతూ వచ్చాయి. పెరిగినవి ప్రధానంగా ఆహారం, కలప లాంటివి, అంటే మనం చేత్తో తీసుకునేవి. మీ జాబితాలో ఎక్కువగా ఉన్నవి ఆ కోవలోవే. వాన పడ్డాక వాగు నీటిని గాజు సీసాలో ప్రతిసారీ అదే గుర్తు దాకా పట్టి, అడుగున ఎంత మట్టి పేరుకుందో కొలిచి రాసినా మొదలుపెట్టడానికి సరిపోతుంది.