ఈఆర్‌సీపీ అయ్యాక గాల్‌బ్లాడర్ ఉంచుకోవచ్చా, తీయించాల్సిందేనా?

గుంటూరు శ్రీను:
అమ్మకు 61 ఏళ్లు. కామెర్లు వస్తే స్కానింగ్ చేశారు, పిత్తనాళంలో రాయి ఇరుక్కుందని తేలింది. ఈఆర్‌సీపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చేసేది) చేసి, నాళం మూతి కొంచెం కోసి రాయి తీశారు. నాళం మూసుకుపోకుండా ప్లాస్టిక్ స్టెంట్ (చిన్న గొట్టం) కూడా వేశారు. ఇప్పుడు బాగానే తింటోంది. గాల్‌బ్లాడర్‌లో (పసరు తిత్తిలో) ఇంకా చిన్న రాళ్లున్నాయట, రెండు వారాల్లోపు దాన్ని తీసేద్దామంటున్నారు. అమ్మేమో "నొప్పి పోయిందిగా, మళ్లీ ఆపరేషనెందుకు" అంటోంది. మూతి కోశాక పసరు (పిత్తరసం) నేరుగా పేగులోకి పోతుంది, ఇక రాళ్లెందుకు పెరుగుతాయని బావగారి వాదన. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కర్నూలు మెహబూబ్:
తీయించేయండి భాయ్. మా నాన్న కూడా మీ అమ్మగారిలాగే వద్దన్నారు. కొన్ని నెలలకే తిత్తికి చీము పట్టి అర్ధరాత్రి పరుగెత్తాం. ముందే చేయించుకుంటే చిన్న రంధ్రాలతో పోయేది, చివరికి పొట్ట కోయాల్సి వచ్చింది.

పద్మజ, వైజాగ్:
గ్యాస్ట్రో వార్డులో స్టాఫ్ నర్సునండీ. మీ బావగారి మాటలో సగం నిజముంది. నాళం చివర ఒడ్డి కండరం ఉంటుంది. మనం ఏమీ తిననప్పుడు అది బిగుసుకుంటుంది, అందుకే కాలేయం నుంచి వచ్చే పసరు వెనక్కి మళ్లి గాల్‌బ్లాడర్‌లో చేరుతుంది. తూము మూసి ఉంటేనే కదా చెరువు నిండేది. రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పసరు తయారవుతుంటే, ఆ తిత్తిలో పట్టేది 30–50 మిల్లీలీటర్లే. అందులోని నీరు, ఉప్పు పీల్చేసి చిక్కగా దాచుకుంటుంది. నూనె, నెయ్యి ఉన్న తిండి పేగులోకి రాగానే ముడుచుకుని బయటికి పంపుతుంది.

ఆ కండరం కోసేస్తే బిగువు పోతుంది. తిత్తి మునుపటంత నిండదు, పసరు అంతసేపు నిలవ ఉండదు, కొలెస్ట్రాల్ పలుకులు కట్టే గుణం కూడా తగ్గుతుంది. ఇంతవరకూ మంచిదే. కానీ తెరుచుకున్న మూతిలోంచి పేగులోని సూక్ష్మజీవులు పైకి వస్తాయి. అవి పసరులో ఉండే బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని విడగొడతాయి, అది కాల్షియంతో కలిసి నాళంలోనే మెత్తటి గోధుమరంగు రాళ్లు కట్టొచ్చు. పైగా తిత్తిలో ఇప్పటికే ఉన్న రాళ్లను ఈ కోత ఏమీ చేయదు. అవి తిత్తి మెడలో అడ్డుపడితే నాళం ఎంత తెరిచున్నా లాభం లేదు.

రేఖ, న్యూజెర్సీ:
నెదర్లాండ్స్‌లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే అధ్యయనం చేశారు, 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నాళంలో రాళ్లు తీశాక కొందరికి గాల్‌బ్లాడర్ తీసేశారు, కొందరికి "చూద్దాం" అని వదిలేశారు. రెండేళ్లలో వదిలేసినవాళ్లలో 47 శాతం మందికి మళ్లీ ఇబ్బంది వచ్చింది. తీసేసినవాళ్లలో 2 శాతం.

కాకినాడ మూర్తి:
అయినా అందరికీ ఒకటే లెక్క కాదండి. మా పెదనాన్నగారికి 84, గుండె బలహీనం. మత్తు ఇవ్వడమే ప్రమాదమని డాక్టర్లే వద్దన్నారు. గాల్‌బ్లాడర్ అలాగే ఉంది, ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

సత్తిబాబు:
మా ఊళ్లో కామెర్లకు ఆకు పసరు మందు పోస్తారు. రాళ్లు కూడా కరుగుతాయంటారు.

పద్మజ, వైజాగ్:
సత్తిబాబు గారూ, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. రాయి అడ్డుపడి వచ్చే కామెర్లు ఆకు పసరుతో పోవు. ఆ నమ్మకంతో ఆలస్యం చేసి, చలిజ్వరంతో నాళం ఇన్ఫెక్షన్ ముదిరాక వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాం.

వరంగల్ సుజాత:
తీయించుకున్నాక తిండి సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. మొదట్లో పప్పులో నెయ్యి కాస్త ఎక్కువైతే చాలు, బాత్రూంకి పరుగే. దాచుకునే తిత్తి లేదు కాబట్టి పసరు ఎప్పుడూ కారుతూనే ఉంటుందట, అందులోని ఆమ్లాలు పెద్దపేగుదాకా పోతే విరేచనాలవుతాయట. డాక్టర్ కొలెస్టిరమిన్ పొడి రాశారు, తగ్గింది. ఇప్పుడు ఆవకాయ కూడా తింటున్నా. చాలామందికి ఈ బాధే ఉండదంట, నాకే వచ్చింది.

గుంటూరు శ్రీను:
అందరికీ థాంక్స్. బావగారు ఇప్పుడు రాళ్లు కరిగించే ట్యాబ్లెట్ల మీద పడ్డారు 🙂

పద్మజ, వైజాగ్:
ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం గురించేమో. అది పనిచేసేది చిన్న కొలెస్ట్రాల్ రాళ్ల మీదే. నెలల తరబడి వాడాలి, మానేశాక మళ్లీ రావచ్చు. నాళంలోకి ఒకసారి రాయి జారినవాళ్లు దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు.

ఇంకో సంగతి, స్టెంట్ మర్చిపోకండి. ప్లాస్టిక్ స్టెంట్ లోపల మడ్డి, సూక్ష్మజీవులు పేరుకుని మూసుకుపోతుంది. మామూలుగా మూడు నెలల్లోపు తీయాలి, లేదా మార్చాలి. నొప్పి లేదని ఏడాది దాటించి, జ్వరంతో వచ్చేవాళ్లున్నారు.

గుంటూరు శ్రీను:
ఆపరేషన్‌కి ముందే తీస్తారా, తర్వాతా?

పద్మజ, వైజాగ్:
మా దగ్గర ఎక్కువగా ఆపరేషన్ అయ్యాకే తీస్తారు. మీ సర్జన్‌ని, స్టెంట్ వేసిన డాక్టర్‌ని ఇద్దర్నీ అడగండి. తీయాల్సిన తేదీ డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి.