మాంద్యం వస్తోందంటే పొదుపంతా ఇంటి అప్పుకు కట్టేయాలా, చేతిలో ఉంచుకోవాలా?

ప్రశ్న:
మాంద్యం తప్పదని వార్తలు గట్టిగానే వినిపిస్తున్నాయి. ఇంటి అప్పు ఇంకా చాలా ఏళ్లుంది. కొంత పొదుపుంది. దాన్ని మొత్తం అప్పుకు కట్టేసి భారం దించుకోవడం మేలా, అట్టే పెట్టుకోవడం మేలా? ఉద్యోగం, ఇల్లు, అప్పు మూడూ కలిపి ఎలా లెక్క వేసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
అట్టే పెట్టుకోండి. మంచి రోజుల్లో అప్పు ముందుగా తీర్చడం తెలివైన పనే. ఉద్యోగం మీద అనుమానం ఉన్నప్పుడు మాత్రం అది ప్రమాదం. ముందుగా కట్టిన సొమ్ము అసలులో కలిసిపోతుంది, అడిగితే వెనక్కి రాదు. ఇవాళ పెద్ద మొత్తం కట్టినా, చాలా ఒప్పందాల్లో వచ్చే నెల ఈఎంఐ వచ్చే నెల కట్టాల్సిందే. మధ్యలో జీతం ఆగిపోతే కొత్త అప్పు పుట్టదు, ఎందుకంటే ఇచ్చేవాళ్లు మొదట అడిగేది జీతం చీటీనే. సొంత ఇల్లు ఉండి కూడా మూడు నెలల ఈఎంఐకి డబ్బు లేక కుటుంబాలు చితికిపోయేది ఇలాగే.

ముందు ఒక కాగితం తీసుకుని, జీతం ఆగినా ఆపలేని ఖర్చులు మాత్రమే రాయండి: అద్దె లేదా ఈఎంఐ, తిండి, కరెంటు, మందులు, ఫీజులు, బీమా. ఎక్కువమంది తప్పేది ఎక్కడంటే ఏడాదికోసారి వచ్చే ఖర్చుల దగ్గర. ప్రీమియం, పన్ను, బండి రిపేరు లాంటివి 12తో భాగించి నెల ఖర్చులో కలపాలి. ఇప్పుడు చేతిలో ఉన్న రొక్కాన్ని ఆ మొత్తంతో భాగిస్తే ఎన్ని నెలలు నిలబడగలరో తెలుస్తుంది. షేర్లను ఈ లెక్కలోకి తీసుకోకండి. ఉద్యోగాలు పోయే కాలంలోనే వాటి ధరలూ పడి ఉంటాయి, నష్టానికి అమ్మాల్సి వస్తుంది.

సంపాదించేది ఒక్కరే అయితే 9 నుంచి 12 నెలలు, ఇద్దరు వేర్వేరు రంగాల్లో ఉంటే 6 నెలలు సరిపోతాయని నా అభిప్రాయం. ఇద్దరూ ఒకే కంపెనీలో ఉంటే ఒక్క జీతం కిందే లెక్కేయండి. పొదుపు కూడా ఆ కంపెనీ షేర్లలోనే ఉంటే ఇంకా కష్టం. 2001లో అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ దివాలా తీసినప్పుడు వేలమందికి ఉద్యోగమూ పోయింది, ఆ షేర్లలో దాచుకున్న రిటైర్మెంటు డబ్బూ పోయింది.

అడిగినవారు:
చాలా ఉపయోగపడిందండి. క్రెడిట్ కార్డు బాకీ కూడా కొంత ఉంది. దాన్నీ అలాగే ఉంచాలా?

జవాబు 2:
లేదండీ, అది వేరు. కార్డు బాకీ ముందు తీర్చేయండి. నెలకు 3 శాతం వడ్డీ పడుతోందనుకుందాం. మీరు కనీస మొత్తం కింద 5 శాతం కడితే అందులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, బాకీ నెలకు 2 శాతం మాత్రమే తరుగుతుంది. కార్డు మీద కొత్తగా పైసా ఖర్చు పెట్టకపోయినా బాకీ సగానికి దిగడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. ఆ వడ్డీని మించి రాబడి ఇచ్చే పొదుపు ఏదీ లేదు. తీర్చాక కార్డు రద్దు చేయకండి, అవసరానికి ఉంటుంది. అయితే కార్డు మీద వాడుకోగల పరిమితిని రొక్కంగా లెక్కేసుకోవద్దు. మాంద్యంలో బ్యాంకులు ముందు కోసేది వాడని పరిమితులనే.

ఇంకొక్క మాట. ఈ సమయంలో ఎవరి అప్పుకీ హామీ సంతకం పెట్టకండి. వాళ్లు కట్టకపోతే అది మీ అప్పే అవుతుంది.

జవాబు 3:
ఈఎంఐ వాయిదా వేసే సౌకర్యం, అదే మారటోరియం, గురించి కూడా తెలుసుకుని ఉండాలి. చాలామంది దాన్ని మాఫీ అనుకుంటారు. కట్టని నెలల వడ్డీ అసలులో చేరి, దాని మీద మళ్లీ వడ్డీ పడుతుంది. లెక్క చూడండి: 8 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు, లక్షకు ఈఎంఐ సుమారు 836. మొదట్లోనే 6 నెలలు ఆపి, తర్వాత అదే ఈఎంఐ కొనసాగిస్తే, 240కి బదులు 266 ఈఎంఐలు కట్టాలి. ఆరు ఆపినందుకు ఇరవయ్యారు ఎక్కువ. అదే అప్పు చివరి ఐదేళ్లలో ఉండగా 6 నెలలు ఆపితే అదనంగా పడేవి మూడే. అంటే అప్పు కొత్తగా ఉన్నప్పుడు గత్యంతరం లేకపోతేనే వాడాలి, చివర్లో ఉంటే అంత భయపడనక్కర్లేదు.

మారే వడ్డీ అప్పయితే ఇంకో సంగతి. వడ్డీ పెరిగినప్పుడు చాలాచోట్ల ఈఎంఐ పెంచరు, గడువు పెంచుతారు. పై అప్పుకే మొదట్లో 8 నుంచి 9 శాతం అయితే 240 నెలలు 304 అవుతాయి. మీ స్టేట్‌మెంటులో మిగిలిన నెలలు ఎన్నో ఇవాళే చూసుకోండి. తర్వాత వడ్డీ తగ్గినా, అది మీ అప్పుకు దానంతటదే రాకపోవచ్చు, అడగాల్సి ఉంటుంది.

బ్యాంకు దగ్గరికి మొదటి ఈఎంఐ తప్పకముందే వెళ్లాలి. తప్పాక వెళ్తే మీరు బకాయిదారు, దారులు తగ్గిపోతాయి. ఆపిన నెలల వడ్డీ అసలులో కలుపుతారా, క్రెడిట్ రికార్డులో ఏమని నమోదు చేస్తారు, గడువు పెరుగుతుందా ఈఎంఐ పెరుగుతుందా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆటో డెబిట్ ఆగిందో లేదో చూసుకోండి. ఒప్పుకున్నాక కూడా పాత ఆదేశం నడిచి, ఖాతాలో డబ్బు లేక జరిమానా పడటం మామూలే.

అడిగినవారు:
ఉద్యోగం ప్రమాదంలో ఉందని ముందుగా తెలిసే గుర్తులేమైనా ఉంటాయా?

జవాబు 4:
ఉంటాయి, సాధారణంగా ఒక వరుసలో వస్తాయి. కొత్త నియామకాలు ఆగుతాయి, ఓవర్‌టైం పోతుంది, కాంట్రాక్టువాళ్లను పునరుద్ధరించరు, ఖాళీ అయిన కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. ఆ తర్వాతే శాశ్వత ఉద్యోగుల వంతు. సరఫరాదారుల బిల్లులు ఆలస్యమవుతున్నాయంటే కంపెనీకి రొక్కం కటకట వచ్చినట్టే, ఇది అన్నింటికంటే నమ్మదగ్గ గుర్తు. జనం వాయిదా వేసుకోగల వస్తువుల రంగాలు, అంటే నిర్మాణం, కార్లు, యంత్రాలు, ముందు దెబ్బతింటాయి.

మాంద్యం ముగిసిందన్న వార్త చూసి పొదుపు ఖర్చుపెట్టేయకండి. అమెరికాలో 2007 డిసెంబరులో మొదలైన మాంద్యం 2009 జూన్‌లో ముగిసింది. నిరుద్యోగం మాత్రం ఆ అక్టోబరులో 10 శాతానికి చేరింది, ఉద్యోగాల సంఖ్య పాత స్థాయికి రావడానికి 2014 పట్టింది. గిరాకీ పెరిగినా కంపెనీలు మొదట ఉన్నవాళ్ల పనిగంటలే పెంచుతాయి, కొత్తవాళ్లను తీసుకోవడం ఆఖరున.

పిలిచి రాజీనామా పత్రం చేతిలో పెడితే అక్కడికక్కడే సంతకం చేయొద్దు. వాళ్లు తీసేయడానికీ మీరు మానేయడానికీ మధ్య పరిహారంలో, నిరుద్యోగ భృతిలో తేడా ఉంటుంది. నోటీసు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, కంపెనీ మీకు తిరిగి ఇవ్వాల్సిన ఖర్చుల బిల్లులు లెక్కగట్టి రాసి ఇవ్వమనండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఏ తేదీ వరకో అడగండి. సొంత పాలసీ ఉద్యోగంలో ఉండగానే తీసుకోవడం మేలు, కొత్త పాలసీల్లో పాత జబ్బులకు వేచి ఉండే కాలం ఉండవచ్చు.

జవాబు 5:
ఇంటి సంగతి. ధరలు వెంటనే పడవు. ముందు కొనేవాళ్లు తగ్గుతారు, ఇల్లు నెలల తరబడి అమ్ముడుపోదు. యజమానులు పాత ధరే పట్టుకుని కూర్చుంటారు. తప్పనిసరై అమ్మేవాళ్లు పెరిగాకే ధర దిగుతుంది. 20 శాతం సొంత డబ్బు, 80 శాతం అప్పుతో కొన్న ఇల్లు 15 శాతం పడితే మీ 20లో మిగిలేది 5, అమ్మకం ఖర్చులకు అదీ పోవచ్చు. అందుకే ఈఎంఐ కట్టగలిగినంత కాలం అమ్మకండి. కట్టలేమని ఖాయంగా తెలిస్తే మాత్రం జప్తు దాకా ఆగకుండా, బ్యాంకుకు చెప్పి మీరే అమ్ముకోండి. వేలంలో వచ్చే ధర సాధారణంగా తక్కువే.

అద్దెకుండేవాళ్లు బేరమాడటానికి వెనకాడనక్కర్లేదు. ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే యజమానికి ఏడాది అద్దెలో 8 శాతానికి పైగా పోతుంది. ఒప్పందం ముగియడానికి రెండు నెలల ముందే, ఏడాది కచ్చితంగా ఉంటాం, 7 లేదా 8 శాతం తగ్గించండి అని అడిగితే ఆయనకూ నష్టం లేదు. ఒప్పుకుంటే కొత్త అద్దె ఒప్పంద పత్రంలో రాయించుకోండి. నోటి మాటగా తగ్గించినది ఖాళీ చేసేటప్పుడు బకాయిగా చూపి అడ్వాన్సులో కోస్తారు.