గ్రామ వ్యవసాయ సహాయకులకు ఫోను ఎంతవరకు పనికొస్తోందో తెలుసుకోవడం ఎలా?

నమస్కారం. ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయి వ్యవసాయాధికారిని. రైతు సేవా కేంద్రాల్లోని (2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలైనవే) సహాయకులకు డిజిటల్ శిక్షణ ఏర్పాటు చేయాలి. అంతకుముందు ఎవరికి ఏది వచ్చో తెలియాలి. ‘యాప్‌లు వాడగలరా?’ అని కాగితం మీద అడిగితే అందరూ అవుననే రాస్తారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ-పంట నమోదు (ఏ పొలంలో ఏ పంట వేశారో యాప్‌లో ఎక్కించడం) వాళ్లకు కొట్టిన పిండి. సర్వే నంబరు తెరిచి, చేలో నిలబడి ఫొటో తీసి, రైతు వేలిముద్ర వేయించేస్తారు. (అరిగిన వేళ్లను యంత్రం గుర్తించక రైతు బొటనవేలిని తువ్వాలుకు రుద్దుకోవడం వేరే కథ.) చిక్కంతా సలహా దగ్గరే. వాట్సాప్‌లో మిరప ఆకుముడత ఫొటో వస్తే, ముడత పైకా, కిందికా అని తిరిగి అడిగేవారు తక్కువ. పైముడత తామర పురుగుల వల్ల, కింది ముడత నల్లి వల్ల వస్తుంది, మందులు వేరు. ఫొటో చూడగానే మందు పేరు పంపడాన్ని డిజిటల్ సన్నద్ధత అని నేను అనలేను.

చేయించి చూసే చిన్న పరీక్ష ఎవరైనా పెట్టారా? ఏయే పనులు ఇచ్చారు? సిగ్నల్ అందని ఊళ్లలో ఎలా నడిపారు? మార్కులు పైఅధికారులకు వెళ్తాయన్న బెదురు లేకుండా ఎలా చేశారు? తెలంగాణలో విస్తరణాధికారులుగా ఉన్నవారి అనుభవమూ కావాలి.