క్యోటో వెళ్లాల్సిన రోజునే తుఫాను: జపాన్‌లో మీకూ ఇలా జరిగిందా?

గోదారిగట్టు:

2024 ఆగస్టులో అమ్మనీ మా ఆవిడనీ తీసుకుని ఐదు రోజులకి జపాన్ వెళ్లాను. మాలాగా ఇంకెవరూ ఇబ్బంది పడకూడదని రాస్తున్నాను. మీకు జరిగినవి కూడా చెప్పండి.

నాన్న పోయి అప్పటికి ఏడాది దాటింది. అక్కడ ఆగస్టు మధ్యలో ఓబోన్ అని పెద్దల పండుగ చేస్తారు. ఇళ్లకు వచ్చిన పితృదేవతలను సాగనంపడానికి 16వ తేదీ రాత్రి ఎనిమిదింటికి క్యోటో చుట్టూ ఐదు కొండల మీద మంటలు వెలిగిస్తారు. మన మహాలయ పక్షాల్లాంటిదే కదా, నేనూ చూస్తానని అమ్మ అడిగింది. ట్రిప్పంతా ఆ ఒక్క రాత్రి కోసమే వేసుకున్నాం. 14, 15 టోక్యో. 16 పొద్దున్నే షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో క్యోటో. 18న ఒసాకా నుంచి తిరుగు విమానం.

15న హోటల్ రిసెప్షన్‌లో ఒక కాగితం చేతిలో పెట్టారు. ఈ ఏడాది ఏడో నంబరు తుఫాను వస్తోంది, రేపు టోక్యో–నగోయా మధ్య రోజంతా షింకన్‌సెన్‌లు నడవవు అని. బయట చూస్తే ఆకాశం మామూలుగానే ఉంది. మనకి రైలు రద్దయిన సంగతి స్టేషన్‌కి వెళ్లాకే తెలియడం అలవాటు. అందుకని నమ్మలేక స్టేషన్‌కి పరిగెత్తాను. ఓబోన్ రద్దీ కాబట్టి నొజోమి అనే అన్నిటికన్నా వేగమైన షింకన్‌సెన్‌లన్నీ రిజర్వేషన్‌తోనే నడుస్తున్నాయి. ఆ రాత్రికి ఒక్క సీటూ లేదు. తలుపుల దగ్గర నిలబడి వెళ్లొచ్చన్నారు. 67 ఏళ్ల అమ్మని రెండుంబావు గంటలు నిలబెట్టలేక ఆగిపోయాం.

16 రాత్రి క్యోటోలో మంటలు వెలగడం అమ్మ హోటల్ గదిలో కూర్చుని ఫోన్‌లో చూసింది. అక్కడ యథావిధిగా జరిగింది, మేమే లేము. "మీ నాన్నకి ఇక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకున్నాలే" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ రాత్రి నేను ఇంకేమైనా చేసుండొచ్చా? క్యోటో హోటల్ మొదటి రాత్రి డబ్బు కూడా పోయింది. మేం బుక్ చేసిన సైట్‌వాళ్లు రీఫండ్ లేదన్నారు.

నిషికసాయి_నివాసి:

అమ్మగారి మాట చదివి మనసు కలుక్కుమందండి. నేను పన్నెండేళ్లుగా టోక్యోలో ఉంటున్నాను.

ఇలా ముందే చెప్పి ఆపడాన్ని ఇక్కడ కేకాకు ఉన్‌క్యూ అంటారు. పట్టాల మధ్య ఎక్కడో రైలు చిక్కుకుపోతే వందల మంది రాత్రంతా అందులోనే ఉండాలి. అలా జరగకూడదనే గాలి మొదలవకముందే ఆపేస్తారు. 2019 అక్టోబరు 12న 19వ నంబరు తుఫాను వచ్చినప్పుడు టోక్యోలో దాదాపు అన్ని రైళ్లూ ఆపారు. ఆ పూట మా ఏరియాలో సూపర్‌మార్కెట్లు కూడా తియ్యలేదు. మాది రెండు నదుల మధ్య పల్లపు ప్రాంతం. పిల్లల్ని తీసుకుని దగ్గర్లోని బడికి వెళ్లి తలదాచుకున్నాం. అందుకే రైలు ఆపారంటే నాకు కోపం రాదు. ఆకాశం చూసి కాదు, ప్రకటన చూసి నిర్ణయం తీసుకోవాలి. ప్రకటన వచ్చిన గంటలోనే సీట్లు అయిపోతాయి.

మీకు ఇంకో దారి ఉంది. హొకురికు షింకన్‌సెన్ 2024 మార్చి 16 నుంచి త్సురుగా దాకా నడుస్తోంది. టోక్యో నుంచి నగానో, కనజావా మీదుగా త్సురుగాకి మూడు గంటల పైచిలుకు. అక్కడ దిగి థండర్‌బర్డ్ అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటలోపు క్యోటో. పసిఫిక్ తీరం వైపు తుఫాను వచ్చినా ఈ దారి చాలాసార్లు తెరిచే ఉంటుంది. అయితే అందరూ అటే పడతారు, సీటు వెంటనే పట్టుకోవాలి. తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి ఇది మీ తప్పు అనుకోకండి.

రైలు వాళ్లే ఆపితే టికెట్ డబ్బు కోత లేకుండా మొత్తం ఇస్తారు. ఆ రోజే క్యూలో నిలబడక్కర్లేదు, ఏడాదిలోపు తీసుకోవచ్చు. ఎక్స్‌ప్రెస్ రెండు గంటలు, అంతకు మించి ఆలస్యమైతే ఎక్స్‌ప్రెస్ కోసం అదనంగా కట్టిన చార్జీ వెనక్కిస్తారు. హోటల్ సంగతి మాత్రం సైట్‌తో తేలదు. నేరుగా హోటల్‌కే ఫోన్ చెయ్యండి. షింకన్‌సెన్ రద్దయిందని చెబితే ఒప్పుకున్న హోటళ్లు నాకు తెలుసు.

వైజాగ్_బీచ్‌రోడ్డు:

అక్టోబరు 12 అనగానే ఒళ్లు జలదరించింది. 2014లో హుద్‌హుద్ మా ఊరిని తాకింది సరిగ్గా అదే తేదీన. అది చూసినవాణ్ణి కాబట్టి తుఫాన్లు నాకు అర్థమవుతాయనుకునేవాణ్ణి. జపాన్‌లో తప్పు లెక్క వేశాను.

నాది అదే 2024 ఆగస్టు చివర్లో వచ్చిన పదో నంబరు తుఫాను. 29న క్యూషూ దగ్గర తీరం దాటింది. నేను 30న ఒసాకా నుంచి టోక్యో వెళ్లాలి. తుఫాను ఎక్కడో పడమట ఉంది, నేను తూర్పుకి పోతున్నాను, ఇక టెన్షన్ ఎందుకని నిద్రపోయాను. తీరా చూస్తే 30న మిషిమా–నగోయా మధ్య రోజంతా రైళ్లు లేవు. తుఫాను చాలా నెమ్మదిగా కదిలింది. దాని కేంద్రానికి ఎంతో దూరంలో, నా రైలు దారిలో ఉన్న షిజువోకా వైపు కుంభవృష్టి కురిసింది. మన దగ్గర కూడా వాయుగుండం ఒకచోట ఉంటే వాన ఇంకోచోట పడుతుంది కదా, ఆ మాత్రం నాకు తట్టలేదు. అప్పటినుంచి మ్యాప్‌లో తుఫాను గుండ్రం ఒక్కటే చూడను. నా రైలు వెళ్లే దారంతా వాన ఎంత పడుతుందో వాళ్ల వాతావరణ శాఖ సైట్‌లో చూస్తాను, ఇంగ్లీషులోనూ ఉంది.

ఆ రోజు ఊరికే కూర్చోలేక దగ్గర్లోని క్యోటోకి వెళ్లి సాంజూసాంగెన్‌దో చూశాను. అది నా ట్రిప్పులో అసలు లేదు. దాదాపు 120 మీటర్ల పొడవున్న చెక్క మందిరం, లోపల వరసగా 1001 కన్నోన్ విగ్రహాలు. మనం అవలోకితేశ్వరుడు అంటామే, ఆయనే. వాటి ముందు పరివార దేవతలు 28 మంది. రెక్కలూ పక్షి ముక్కూ ఉన్న ఒకాయన వేణువు పట్టుకుని ఉంటే చూసి ఆగిపోయాను. కరురా అట, మన గరుత్మంతుడు! రెండు చివర్లలో వాయుదేవుడు గాలిమూట భుజాన వేసుకుని ఒకవైపు, ఉరుముల దేవుడు డోళ్లతో ఇంకోవైపు. బయట ముసురు, లోపల వాళ్లిద్దరూ. ఫోటోలు తియ్యనివ్వరు, అదీ మంచిదే అయింది. రెండు గంటలు నిలబడి కళ్లారా చూశాను. మర్నాడు నిషికసాయి గారు చెప్పిన త్సురుగా దారిలోనే టోక్యో చేరాను.

ఓరుగల్లు_అక్క:

మాది జనవరి, మంచు. తకయామా నుంచి షిరకవాగో అనే కొండపల్లెకి బస్సు టికెట్ కొనుక్కున్నాం. పొద్దున్నే వెళ్తే హైవే మూసేశారన్నారు. టికెట్ డబ్బు అక్కడికక్కడే ఇచ్చేశారు. ఇంకోటి, నగోయా–క్యోటో మధ్య సెకిగహరా దగ్గర మంచు ఎక్కువగా పడితే షింకన్‌సెన్ వేగం తగ్గిస్తారు. చలికాలంలో అటు వెళ్లే రోజు సాయంత్రానికి ఇంకే టికెట్లూ పెట్టుకోకండి.

కూకట్‌పల్లి_కుర్రాడు:

హకోనేలో మాకు ఈదురుగాలికి రోప్‌వే ఆపేశారు. దాని బదులు బస్సు వేశారు గానీ పొగమంచులో ఫుజీ పర్వతం జాడే లేదు. ఫుజీ కోసమే వెళ్లేవాళ్లు డిసెంబరు, జనవరిల్లో పెట్టుకోండి, ఆకాశం నిర్మలంగా ఉంటుంది.

పల్నాటి_ఇల్లాలు:

గోదారిగట్టు గారూ, తుఫాను రోజు అమ్మగారికి తిండి ఎలా చూశారు? మా అత్తగారు మాంసం, చేప ముట్టరు. మేం సెప్టెంబరులో వెళ్తున్నాం, నాకు అదే బెంగగా ఉంది.

గోదారిగట్టు:

ముందు రోజు సాయంత్రానికే కన్వీనియన్స్ స్టోర్‌లో అన్నం ముద్దలు, బ్రెడ్డు అయిపోయాయండి. పులిహోర పొడి, ఆవకాయ, మరమరాలు మా వెంట ఉన్నాయి. గదిలో కెటిల్ ఉంది, మైక్రోవేవ్‌లో వేడి చేసుకునే తెల్లన్నం డబ్బాలు రెండు దొరికాయి. పులిహోర కలిపాం. సెప్టెంబరు తుఫాన్ల కాలమే కాబట్టి రెండు పూటలకి సరిపడా తప్పకుండా పెట్టుకోండి.

నిషికసాయి_నివాసి:

పచ్చళ్లు సరే గానీ చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తేకండి, మాంసం కలిసినవేవీ రానివ్వరు. స్టోర్‌లో అన్నం ముద్దల్లో రేగుపండులా పుల్లగా ఉండే ఉమేబోషి పెట్టింది అడగండి. కొంబు అనే సముద్రపు నాచుతో చేసిన దాంట్లో చేప సారం కలిపే అవకాశం ఉంది. పెద్ద సూట్‌కేసులు కొరియర్‌లో ముందే పంపే అలవాటుంటే తుఫాను వారంలో మానుకోండి, పెట్టె ఆలస్యమైతే మందులు అందులోనే ఉండిపోతాయి.

వైజాగ్_బీచ్‌రోడ్డు:

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఆలస్యానికి స్టేషన్ కౌంటర్‌లో రాతపూర్వకంగా కాగితం తీసుకోండి. ఇల్లు చేరాక అడిగితే కష్టం. అలాగే చివరి రాత్రి విమానం ఎక్కే ఊళ్లోనే ఉండండి. ట్రిప్పు మధ్యలో ఒక రోజు పోతే తట్టుకోవచ్చు, తిరుగు విమానం పోతే ఖర్చు భరించలేం.

గోదారిగట్టు:

అందరికీ థాంక్స్. ఈ చర్చ అమ్మకి చదివి వినిపించాను. గరుత్మంతుడి చేతిలో వేణువు అనగానే మళ్లీ వెళ్దామంది. ఈసారి టోక్యో పెట్టుకోవడం లేదు. 13నే నేరుగా ఒసాకాలో దిగి, అక్కణ్ణుంచి క్యోటో వెళ్లి నాలుగు రోజులూ అక్కడే ఉంటాం. మంటలు ఎక్కణ్ణుంచి చూస్తే బాగుంటుందో చెప్పగలరా? అమ్మ ఎక్కువ నడవలేదు.

నిషికసాయి_నివాసి:

కామో నది గట్టు మీదికి వెళ్లండి, కొండ ఎక్కక్కర్లేదు. 'పెద్ద' అని అర్థమొచ్చే జపనీస్ అక్షరం ఆకారంలో మంటలు వెలిగే కొండ తూర్పున ఉంటుంది కాబట్టి పడమటి గట్టున, మరుతమాచి వంతెనకి ఉత్తరంగా చోటు చూసుకోండి. మంట అరగంటకి మించి ఉండదు, జనం చాలామంది వస్తారు. ఆరున్నరకల్లా చేరి అమ్మగారిని చాప మీద కూర్చోబెట్టండి. రెయిన్‌కోటు ఉంచుకోండి, గాలివానలో అక్కడి ప్లాస్టిక్ గొడుగులు నిలవవు.