సరిపోలే దాత లేని పిల్లలకు మూలకణ మార్పిడి: ఇప్పుడున్న దారులు

ప్రశ్న:
మా పాపకు ఆరేళ్లు. తలసేమియా మేజర్ (ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జన్యు వ్యాధి) కావడంతో మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తున్నాం. మూలకణ మార్పిడి (రక్తాన్ని తయారుచేసే కణాలను దాత నుంచి తీసి ఎక్కించడం) చేయిద్దామంటే తమ్ముడి హెచ్‌ఎల్‌ఏ (దాత సరిపోతారో లేదో తేల్చే కణాల గుర్తులు) పాపతో కలవలేదు, తండ్రినైన నాది సగమే కలిసింది. సగం సరిపోలికతో చేసే మార్పిడి మెరుగుపడిందనీ, జన్యు సవరణ చికిత్స కూడా వచ్చిందనీ విన్నాను. వీటిలో పాపకు పనికొచ్చేది ఏదో, వైద్యులను ఏమడగాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
తోబుట్టువు పూర్తిగా సరిపోలే అవకాశం 25 శాతమే కాబట్టి చాలా కుటుంబాలకు ఈ చిక్కు తప్పదండీ. తల్లిదండ్రులు మాత్రం సాధారణంగా సగం సరిపోలుతారు, పరిశోధన అటు మళ్లడానికి కారణం అదే. అసలు భయం దాత నుంచి వచ్చే టీ కణాలతోనే (రోగనిరోధక కణాల్లో ఒక రకం): అవి బిడ్డ శరీరాన్ని పరాయిదిగా ఎంచి చర్మం, కాలేయం, పేగులపై దాడి చేస్తాయి. దీన్నే జీవీహెచ్‌డీ అంటారు. దీన్ని అడ్డుకోవడానికి జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు రూపొందించిన పద్ధతిలో మార్పిడి తర్వాత 3వ, 4వ రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తారు. అప్పటికే దాడికి దిగి వేగంగా విభజన చెందుతున్న టీ కణాలు ఆ మందుకు దెబ్బతింటాయి, మూలకణాలు మాత్రం తమలో పుష్కలంగా ఉండే ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఆ మందును నిర్వీర్యం చేయడం వల్ల తట్టుకుంటాయి. ఎప్పటి నుంచో ఉన్న క్యాన్సర్ మందును సరిగ్గా ఆ రెండు రోజులకు కుదించి ఇవ్వడం నా దృష్టిలో ఈ రంగంలో అత్యంత విలువైన ముందడుగు. ఈ దాడికి ప్రధాన కారణమైన ఆల్ఫా-బీటా రకం టీ కణాలను ప్రయోగశాలలోనే తొలగించి మిగతావి ఎక్కించే పద్ధతీ ఉంది.

సమాధానం 2:
జన్యు సవరణలో దాత అవసరం లేదు, జీవీహెచ్‌డీ భయమూ లేదు. బిడ్డ మూలకణాలనే సేకరించి, గర్భస్థ దశలో ఉండే హిమోగ్లోబిన్‌ను అణచిపెట్టే బీసీఎల్11ఏ జన్యువు పనిని తగ్గించి, ఆ హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా చేస్తారు. అయితే ఈ పద్ధతిలో వచ్చిన క్యాస్‌జెవీ అనే చికిత్సకు తలసేమియా విషయంలో 2023 నవంబరులో బ్రిటన్, 2024 జనవరిలో అమెరికా ఇచ్చిన తొలి అనుమతులు 12 ఏళ్లు నిండినవారికే. 5 నుంచి 11 ఏళ్లవారిపైనా పరీక్షలు చేపట్టారు కనుక, పాప వయసుకు ప్రస్తుతం ఏ అవకాశం ఉందో అడగండి. ఇందులోనూ ముందుగా ఎముక మజ్జలోని పాత కణాలను తొలగించే బుసల్ఫాన్ అనే మందుతో కీమోథెరపీ తప్పదు.

సమాధానం 3:
ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్న పిల్లల్లో దాత హెచ్‌ఎల్‌ఏకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై ఉండవచ్చు, అవి ఉంటే కొత్త కణాలు నిలదొక్కుకోకపోయే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి మీ నుంచి మూలకణాలు తీసుకునే ముందు ఆ పరీక్ష చేయించమనండి. తరచూ రక్తం ఎక్కించడం వల్ల కాలేయంలో ఇనుము ఎంత పేరుకుందో కూడా చూడాలి. కీమోథెరపీ వల్ల పెద్దయ్యాక పాప సంతాన సామర్థ్యం దెబ్బతినవచ్చు, అందువల్ల అండాశయ కణజాలాన్ని ముందే శీతలీకరించి భద్రపరిచే వీలుందేమో ఇప్పుడే అడగండి. కీమోథెరపీ మొదలయ్యాక ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది.