రొయ్యల గుంట పూడ్చిన నేలలో మళ్ళీ వరి పండించడం ఎలా?

మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. ఎకరా డెబ్భై సెంట్లు నాన్న తొమ్మిదేళ్లు రొయ్యల గుంటలకు కౌలుకిచ్చారు. వైరస్ దెబ్బకు కౌలుదారు వదిలేసి పోయాడు. పోయినేడు కట్టలు తోసి, చదును చేయించి, వరి నాటాను. నాటిన నారు పచ్చబడనే లేదు, ఆకుల కొనలు ఎండిపోయాయి. ఒకప్పుడు ఎకరాకు నాలుగు పుట్లకు తగ్గని చేను, మొత్తం మీద ఒక పుట్టి కూడా ఇవ్వలేదు. ఎండాకాలం పైన తెల్లగా పొంగింది. నాలుక మీద పెట్టి చూశా, ఉప్పే. జిప్సం వేయమని కొందరు, కొత్త మట్టి తోలించమని కొందరు అంటున్నారు. మట్టికి అప్పు చేయాలి. నాన్న ఆ గట్టు మీదికి రావడమే మానేశారు. చేను అమ్మడం నాకిష్టం లేదు. దారి చెప్పండి.

ఇందుకూరుపేట రైతు:
అబ్బయ్యా, మట్టి జోలికి పోవద్దు. కింద ఉప్పు అట్లే ఉంటే కొత్త మట్టిలోకీ పాకుతుంది. ముందు మురుగు కాలువ సంగతి చూడు. గుంటలు తవ్వేటప్పుడు మా దగ్గర అవన్నీ పూడ్చేశారు. పక్కన ఇంకా గుంటలుంటే ఆ ఊట నీ చేలోకే దిగుతుంది. నేను గట్టు వెంబడి మూడడుగుల లోతు కాలువ తీసి, ఊటను మురుగులోకి మళ్ళించాకే నా చేను దారికొచ్చింది.

వ్యవసాయం చదివి, రైతులతో పనిచేస్తున్నాను:
పెద్దాయన మాట నిజం. మట్టి పరీక్ష చేయించకుండా జిప్సం కొనొద్దండి. ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 4 దాటి, పీహెచ్ (క్షార గుణం కొలత) 8.5 లోపుంటే అది పాలచౌడు, అంటే ఉప్పు నేల. చిన్న మడులు కట్టి, మంచినీళ్లు నిలగట్టి, రెండు మూడు రోజులకు మురుగులోకి వదలాలి. ఇలా నాలుగైదు సార్లు చేయాలి. పీహెచ్ 8.5 దాటితే కారుచౌడు, అంటే సోడియం పట్టిన నేల, దానికి జిప్సం కావాలి. అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియంను విడిపిస్తుంది, నీళ్లు దాన్ని కడిగేస్తాయి. రొయ్యల గుంట నేలల్లో రెండూ కలిసి ఉండొచ్చు. పరీక్షకు తెల్లపొరను వేరుగా తీసి, కింద అర అడుగు, ఒక అడుగు లోతుల్లో విడివిడిగా మట్టి తీయండి. సెప్టెంబరులో పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. చౌడును బాగా తట్టుకుంటుంది. నాటు ముందు ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి, డీఏపీతో మాత్రం కలపొద్దు.

ప్రశ్న అడిగిన రైతు:
మా తూర్పు గట్టుకు ఆనుకునే ఇంకో గుంట ఉంది. ఉప్పు ఎక్కువ పొంగిందీ ఆ వైపే. ఇన్నాళ్లూ ఈ రెండూ కలిపి ఆలోచించలేదు. రేపు తూర్పు, పడమర వేర్వేరుగా మట్టి తీస్తా. రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను.