బానెట్ మీద ఓడ, డిక్కీ మీద డాడ్జ్: ఈ కారును ఏ పేరుతో పిలవాలి?

టంగుటూరు బ్యారన్:

మా పెద్దనాన్నగారి పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, ఆకు కాల్చడం ఆపేసిన నాటి నుంచి పాత కర్రలు పేర్చి ఉంచిన మూలన, టార్పాలిను కింద ఒక పెద్ద అమెరికా కారు ఉంది. స్టీరింగు కుడివైపునే ఉంది. ఆర్‌సి పుస్తకాన్ని చెదలు తినేయగా 1952 అన్న సంవత్సరం ఉన్న పేజీ ఒక్కటే మిగిలింది. బానెట్ కొసన ప్లిమత్ కార్ల గుర్తైన తెరచాపల ఓడ బొమ్మ ఉన్నందున మా ఇంట్లో మూడు తరాలుగా దీన్ని ప్లిమత్ అనే పిలుస్తున్నారు. ముందు జాలీ ఎప్పుడో పోయింది. దాని స్థానంలో ఎవరో ఇనుప జల్లెడ కత్తిరించి బిగించారు.

పోయిన ఆదివారం డిక్కీ మూతను ఉప్పుకాగితంతో రుద్దుతూ ఉంటే, నాలుగు పొరల రంగూ లప్పమూ పోయాక, అడుగున ఉన్న ముదురు ఆకుపచ్చ రంగులో ఇంగ్లీషు అక్షరాల నీడ బయటపడింది. అక్షరాలు ఐదే. చుట్టూ రంగు వెలిసిపోయింది గాని, లోహపు అక్షరాలు కప్పి ఉంచిన మేర రంగు కొత్తదానిలా నిలిచింది. డాడ్జ్ అని స్పష్టంగా చదవవచ్చు. సంక్రాంతికి కారును కడిగి ఊరి వారికి చూపించాలని, ముందు ఒక పలక పెట్టాలని మా కోరిక. ఆ పలక మీద ఏమి రాయమంటారు?

ట్రంకు రోడ్డు గ్యారేజి, నెల్లూరు:

ఓడ బొమ్మను నమ్మవద్దు, డిక్కీ మీది నీడనూ నమ్మవద్దు. కారును దాని ఎముకలను బట్టి గుర్తించాలి. అమెరికాలో క్రైస్లర్ సంస్థ ప్లిమత్‌ను తన తక్కువ ధర కారుగా క్రైస్లర్, డిసోటో, డాడ్జ్ డీలర్లందరి ద్వారా అమ్మించేది. విదేశాలలో ఒక్కొక్క డీలరు వద్ద ఒక్కొక్క పేరే ఉండేది కనుక, అదే ప్లిమత్‌కు డాడ్జ్ ముఖం తగిలించి డాడ్జ్ కింగ్స్‌వే అని, డిసోటో ముఖం తగిలించి డిసోటో డిప్లొమాట్ అని పంపేవారు. ఒకే శరీరానికి మూడు ముఖాలు. మన దేశంలో ఈ మూడు పేర్ల కార్లనూ బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారే, విడిభాగాలు తెప్పించి, బిగించి అమ్మారు.

అందువల్ల టేపు తీసుకుని ముందు చక్రం నడిమి నుంచి వెనుక చక్రం నడిమి వరకు కొలవండి. ఆ కాలపు అమెరికా డాడ్జ్ కారొనెట్‌కు ఆ దూరం 123.5 అంగుళాలు. మామూలు ప్లిమత్ సెడాన్‌కు 118.5 అంగుళాలు. ఐదు అంగుళాల తేడా తుప్పు వల్ల రాదు, లప్పంతో పూడదు. 118.5 వస్తే మీ ఇంటివారు మూడు తరాలుగా అంటున్న మాటే సరైనదని నా వాదన.

సింగరాయకొండ ప్యాసింజర్:

గ్యారేజి వారు చెప్పినది సగం కథ. మిగిలిన సగం కెనడాలో ఉంది. బ్రిటిషు సామ్రాజ్య దేశాల మధ్య సుంకాలు తక్కువగా ఉండేవి గనుక, కుడివైపు స్టీరింగున్న అమెరికా కార్లు చాలావరకు కెనడా శాఖల నుంచే వచ్చేవి. ఫోర్డు విషయంలో ఇది మరీ స్పష్టం: 1926లో మన దేశంలో ఏర్పడిన ఫోర్డు కంపెనీ అమెరికాలోని డెట్రాయిట్ మూల సంస్థకు కాదు, ఫోర్డు కెనడాకు అనుబంధ సంస్థ. కెనడా శాఖలు సొంత పేర్లతో కూడా కార్లు చేశాయి. అక్కడి మెటియోర్, మొనార్క్ అనే ఫోర్డు కార్ల పేర్లు అమెరికాలోనే చాలామందికి తెలియవు. అక్కడి పాంటియాక్ పైకి పాంటియాక్, లోపల షెవ్రొలే చాసిస్, అంటే అడుగు చట్రం.

క్రైస్లర్ సంగతి తేల్చాలంటే ఇంజను హెడ్డును, అంటే సిలిండర్ల మీది మూతను, ముందు నుంచి వెనుకకు కొలవాలి. అమెరికాలో ప్లిమత్, డాడ్జ్ ఆరు సిలిండర్ల ఇంజను హెడ్డు పొడవు 23 అంగుళాల పైచిలుకు. కెనడాలోని విండ్సర్‌లో 1938 నుంచి 25 అంగుళాల పొడవైన బ్లాకునే పోసి, ప్లిమత్ మొదలు క్రైస్లర్ వరకు అన్నింటికీ వాడారు. రెండింటి సామర్థ్యమూ 218 ఘనపు అంగుళాలే కావచ్చు. అమెరికాలో బోరు (సిలిండరు వెడల్పు) మూడుంపావు అంగుళాలు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 4.375, కెనడాలో బోరు 3.375, స్ట్రోకు 4.0625. సామర్థ్యం చూస్తే మోసపోతాం, పొడవు చూస్తే మోసపోము. మీ హెడ్డు 25 వస్తుందని నా నమ్మకం. అప్పుడు పలక మీద కెనడా పేరు లేకపోతే అన్యాయమే అవుతుంది.

టంగుటూరు బ్యారన్:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న మా తమ్ముడు టేపు ఒక కొస పట్టుకోగా కొలిచాను. చక్రాల మధ్య దూరం 118.5 అంగుళాలు. రెండు పక్కలా కొలిచాను, తేడా లేదు. హెడ్డు ఇరవై మూడున్నర లోపే వచ్చింది.

అయితే ఇంజనుకు ఎడమ పక్క, డైనమోకు పైన, హెడ్డుకు కాస్త కింద ఉండే చదునైన చోట కిరోసిను గుడ్డతో తుడిస్తే నంబరు కనిపించింది. ప్లిమత్ కారు ఇంజనైతే పి అక్షరంతో, డాడ్జ్ కారు ఇంజనైతే డి అక్షరంతో మొదలు కావాలని చదివాను. దీనికి టి అక్షరం ఉంది. అంటే లారీ ఇంజను. పెద్దనాన్నగారిని అడిగితే, ఎప్పుడో కూతురి పెళ్లి ముందర బ్లాకు పగిలితే ఒక షెడ్డులో మార్పించామని, తమకు అసలు ఇంజను తిరిగి ఇవ్వలేదని, అడిగితే పాత ఇనుముకు వేశామన్నారని ఇప్పటికీ బాధగా చెప్పారు.

ఇంకొక సంగతి. ఓడ బొమ్మ విప్పి చూశాను. దాని కింద బానెట్‌కు నాలుగు రంధ్రాలున్నాయి. రెండింటి లోపలి అంచుల దాకా ఆకుపచ్చ రంగు ఉంది. ఓడను బిగించిన రెండింటి అంచులు మాత్రం వట్టి ఇనుము, తుప్పు పట్టి గరుకుగా ఉన్నాయి.

కనిగిరి పాఠకుడు:

ఆ నాలుగు రంధ్రాలే అసలు సాక్ష్యమని నేను అనుకుంటున్నాను. ఫ్యాక్టరీలో రంధ్రం వేశాకే రంగు వేస్తారు కనుక రంగు రంధ్రపు అంచులోకి దిగుతుంది. రంగు వేశాక ఎవరో డ్రిల్లు పెడితే అంచు వట్టిగా మిగులుతుంది. కాబట్టి ఓడ తరువాత వచ్చినది. మొదట అక్కడ వేరే బొమ్మ ఉండేది. డాడ్జ్ కార్లకు ఉండేది పొట్టేలు బొమ్మ. డిక్కీ మీది నీడ కూడా అదే ఆకుపచ్చ రంగులో ఉంది కనుక రెండూ ఒకదానినొకటి బలపరుస్తున్నాయి. ఇంజను మాత్రం దేనికీ సాక్ష్యం కాదు. అది 23 అంగుళాలైనా 25 అంగుళాలైనా మరొక లారీ పుట్టుకనే చెబుతుంది.

ఇక పేరు సంగతి. గ్యారేజి వారి వాదనలో నాకు నచ్చనిది, శాఖ పెట్టిన పేరును మారుపేరుగా తీసిపారేయడం. మా కనిగిరి 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అంతకు ముందు ఇక్కడ పుట్టినవారి కాగితాలలో నెల్లూరు జిల్లా అనే ఉంటుంది, దాన్ని ఎవరూ తప్పు అనరు, దిద్దరు. ఏ కాగితం ఏ నాడు ఏ అధికారంతో రాశారో అదే దాని సత్యం. ఈ కారును అమ్మిన నాడు, అమ్మే హక్కు ఉన్నవారు డాడ్జ్ అని పేరు పెట్టి అమ్మారు. కొన్నవారు డాడ్జ్ అనే కొన్నారు. ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీసే కదా. దాన్ని మోరిస్ అని పలక రాస్తే మీరు ఒప్పుకుంటారా?

ట్రంకు రోడ్డు గ్యారేజి, నెల్లూరు:

రంధ్రాల విషయంలో మీ తర్కానికి తలవంచుతున్నాను. అంచులోని రంగు నేను అడగవలసిన ప్రశ్న, అడగలేదు. అయినా అంబాసిడర్ పోలిక సరిపోదు. హిందుస్థాన్ మోటార్స్ వారు ఇంజనుతో సహా ఇక్కడ పోసి, 1957 నుంచి 2014 దాకా ఆ కారును తయారు చేశారు. ఇంగ్లండులో దాని అసలు రూపం ఆగిపోయాక కూడా ఇక్కడ బతికింది. అది కొత్త పేరును చెమటోడ్చి సంపాదించుకున్న కారు. కుర్లా డాడ్జ్ అలాంటిది కాదు. పెట్టెల్లో వచ్చిన విడిభాగాలకు నట్లు బిగించి పంపిన కారు అది. బిగించినవారికి గౌరవం ఇవ్వాలి, కాదనను. కాని తయారు చేయడం వేరు, బిగించడం వేరు. 1953లో టారిఫ్ కమిషన్ కూడా ఈ తేడానే పట్టుకుని, ఇక్కడ తయారీకి పూనుకోని సంస్థలు వైదొలగాలని సిఫారసు చేసింది. జనరల్ మోటార్స్, ఫోర్డు వెళ్లిపోవడానికి కారణం అదే.

పైగా పేరును జనం ఎలా పలుకుతారన్నది కూడా చూడాలి. అదే కుర్లా ఫ్యాక్టరీ ఫియట్ 1100 పేరు తీసి ప్రీమియర్ పద్మిని అని పెట్టినా, మా షెడ్డుకు వచ్చిన ప్రతివారూ ఫియట్ కారు అనే చెప్పేవారు. ముప్పై ఏళ్లు విన్నాను.

కనిగిరి పాఠకుడు:

జనం మాటే ప్రమాణమైతే టంగుటూరు వారి ఇంట మూడు తరాలు ప్లిమత్ అన్నది కూడా ప్రమాణమే కావాలి. అది తరువాత తగిలించిన ఓడ బొమ్మ వల్ల పుట్టిన మాట అని ఇప్పుడు తేలింది కదా. తయారీ వేరు, బిగింపు వేరు అన్న మాట ఒప్పుకుంటాను. కాని కింగ్స్‌వే అన్న పేరు కుర్లాలో పుట్టలేదు. క్రైస్లర్ వారే విదేశాల కోసం పెట్టిన పేరు అది. తల్లిదండ్రులు పెట్టిన పేరును చుట్టాలు ఎలా కాదంటారు?

సింగరాయకొండ ప్యాసింజర్:

హెడ్డు విషయంలో తొందరపడి నమ్మకం ప్రకటించాను. లారీ ఇంజను ఉన్నప్పుడు ఈ కారు కెనడాదో కాదో ఆ కొలత చెప్పదు. ఫైర్‌వాల్ (ఇంజనుకూ సీట్లకూ మధ్య ఉండే అడ్డుగోడ) మీద కారు నంబరు రేకు గాని, అది ఊడిన గుర్తులు గాని ఉన్నాయేమో చూడండి. చాసిస్ పట్టీ మీద గీకిన నంబరు కూడా వెతకండి.

టంగుటూరు బ్యారన్:

ఫైర్‌వాల్ మీద నాలుగు రివెట్ల రంధ్రాలు మాత్రమే మిగిలాయి, రేకు లేదు. చాసిస్ నంబరు కోసం వైరు బ్రష్షు తెచ్చాను, ఇంకా తుప్పు వదలలేదు.

పెద్దనాన్నగారికి మీ మాటలన్నీ చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఆ ఓడను తన తండ్రి మద్రాసులో కొని తెచ్చారని, అప్పటి పొట్టేలు కొమ్ము విరిగిందని, విరిగిన బొమ్మతో పెళ్లివారింటికి వెళ్లడం బాగుండదని మార్చారని చెప్పారు. పలక మీద "డాడ్జ్ కింగ్స్‌వే, 1952, ప్లిమత్ శరీరం, కుర్లాలో బిగింపు, లారీ ఇంజను" అని రాయాలని ఇద్దరం అనుకున్నాము. ఓడను తిరిగి బిగించను, పారేయను. పలక పక్కనే బల్ల మీద ఉంచుతాను. పొట్టేలు బొమ్మ ఎవరి షెడ్డులోనైనా కనిపిస్తే, కొమ్ము విరిగినదైనా సరే, దయచేసి నాకు తెలపండి.